గాలికి అడ్డం కట్టిన లుంగీ

కాక పోయాడని చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ కాక పోయిండు బిడ్డా. పొద్దుగాల కిటికీ తెరువుమన్నడు, తెరిచిన. సగం గిలాస చాయ్ తాగిండు. గంతే," అంది. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక చేసిందో, నేను ఏడుస్తానని బిగబట్టుకుందో తెలియదు.

ఇలాంటి కబురు విన్న వేళకు మనం ఏదో గొప్ప పనిలో ఉన్నామని రాసుకుంటే బావుంటుంది. నేను ఇడ్లీ తింటున్నాను. ఫోన్ పెట్టేశాక మిగిలిన రెండూ కూడా తినేశాను, ఆకలితో కాదు, ఏం చేయాలో తోచక. తర్వాత లేచి హాల్లో కిటికీలన్నీ తెరిచాను. "ఏసీ వేసి ఉంది కదండీ" అంది మా ఆవిడ. కట్టేయమన్నాను. ఆమె నా మొహం చూసి కట్టేసింది.

కాక నాకు చుట్టం కాడు. తొంభైల మొదట్లో ఒమాన్‌లో నేను పనిచేసిన ఏసీ కంపెనీకి ఫోర్‌మన్. జగిత్యాల పక్క పల్లె. కంపెనీలో కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్లు పాతిక మందికి పైగా ఉండేవాళ్లు, అందరికీ అతను కాకే, అంటే బాబాయే, అతని భార్య చిన్నమ్మే. గోదావరి జిల్లా నుంచి వెళ్లిన నేను కొన్నాళ్లు 'ఫోర్‌మన్ గారూ' అని పిలిచాను. అలా పిలిచినప్పుడల్లా అతను వెనక్కి తిరిగి వేరే ఎవరైనా వచ్చారేమోనని చూసేవాడు. దాంతో నాకూ కాక అయిపోయాడు. అతను మాత్రం నన్ను చివరిదాకా 'సారూ' అనే పిలిచాడు, సారూ అంటూనే 'నువ్వు' అనేవాడు. మా వైపు 'మీరు' అనకపోతే మొహం ముడుచుకుంటాం. నాకూ మొదటి వారం ముడుచుకుంది. తర్వాత ఆ 'నువ్వు' వినపడని రోజు ఏదో తక్కువైనట్టు ఉండేది.

అతని పని గాలి. రేకుతో డక్టులు, అంటే గాలి పోయే గొట్టాలు, చేయించడం, పైకప్పులో బిగించడం, చివర గ్రిల్లుల్లోంచి ఏ గదికి ఎంత గాలి రావాలో అంత వచ్చేట్టు సరిచేయడం. ఆఖరి పనికి కంపెనీ నాకో ఇంగ్లండు పరికరం ఇచ్చింది, చిన్న పంకా ఉండి గాలి వేగం అంకెల్లో చూపించేది. కాక దగ్గర ఒక ఖర్జూరపాకు ఈనె, దాని కొసకి జానెడు కుట్టుదారం. ఎప్పుడూ చొక్కా జేబులో పెన్ను పక్కనే ఉండేది. ఈనెను గ్రిల్లు కింద పట్టుకుని దారం ఎంత వాలిందో చూసి, పైనున్న కుర్రాడికి "జర తెరువు, జర, ఆ, బస్" అని చెప్పేవాడు.

మొదటిసారి ఖబూరాలో ఒక షాపు పనికి కలిసి వెళ్లాం. నేను నిచ్చెన ఎక్కి నా పరికరంతో పన్నెండు గ్రిల్లులు కొలిచి, కాగితం మీద కూడికలు వేసి, ఎడమవైపు మూడోదానికి గాలి చాలడం లేదని తేల్చాను. అప్పటికి గంటన్నర అయింది. కాక గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు. "ఎడమదిక్కు మూడోదేనా సారూ? నేను అప్పుడే చెప్తునుంటి, నువ్వు నిచ్చెన మీద సంబురంగున్నవ్," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తిరిగొచ్చే దారంతా మాట్లాడలేదు. అతను పట్టించుకోలేదు, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి సముద్రపు గాలిని అరచేత్తో తూచుకుంటూ కూర్చున్నాడు.

కాకలో లోపాలు లేవని కాదు. అత్తరు వాసన పడేది కాదు, ఎవరి ఎదురుగానైనా ముక్కు మూసుకునేవాడు, అది మర్యాద కాదని చెబితే ముక్కుకేం తెలుసు అనేవాడు. తన దారం గురించి గొప్పలు పోయేవాడు. రూమ్‌లో అయితే రోజూ గొడవే. ఎనిమిది మంది ఉండే రూమ్‌కి ఒక కిటికీ ఏసీ. దాని పక్కన బయటి గాలిని లోపలికి వదిలే చిన్న మీట ఒకటి ఉంటుంది. అది మూసేస్తే రూమ్ తొందరగా చల్లబడుతుంది, అందుకని గల్ఫ్‌లో దాన్ని తెరిచినవాణ్ణి నేను చూడలేదు. కాక తెరిచేవాడు. వాళ్లు మూసేవాళ్లు. అతను మళ్లీ తెరిచేవాడు. "ఒకడు ఇడిసిన గాలి ఇంకొకడు పీల్చుడేంది? ఎంగిలి కంచంల తింటరా మీరు?" అనేవాడు. చివరికి విసుగెత్తి ఆ మీటను తీగతో కట్టేశాడు, తెరిచి ఉండేట్టు. ఆ సంవత్సరం మా రూమ్‌లో దగ్గులు తగ్గాయని ఒప్పుకోవడానికి కుర్రాళ్లకి ఇంకో సంవత్సరం పట్టింది.

ఫోన్లు అందని ఆ రోజుల్లో అందరూ టేపు రికార్డరులో మాట్లాడి ఊరికి క్యాసెట్లు పంపేవాళ్లు. చిన్నమ్మ పంపిన ఒక క్యాసెట్ కాక నాకు వినిపించాడు, వినిపించే ముందు రెండుసార్లు వెనక్కి ముందుకి తిప్పి ఏదో ముక్క దాటేశాడు. మిగిలిన ముక్కలో ఆమె అంటోంది: "మన వాడకట్టుల దుబాయి పోయినోళ్లు ఇల్లు కట్టినమని ఫోటో చూపెడ్తరు, బిల్డింగులకు రంగేసినమని చూపెడ్తరు. నువ్వు పంపిన ఫోటోలల్ల నువ్వు నిలవడ్డవ్, నీ మీద రేకున్నది. మీ ఆయన ఏం పని జేస్తడే అంటే గాలి పని అంట. నవ్వుతరు. పద్నాలుగేండ్లాయె. ఒక్కపారి అచ్చి నీ పని నా కండ్లతోటి సూడాలె."

కాక క్యాసెట్ ఆపి, "చూసినవా సారూ? సముద్రం అడుగలే, బంగారం అడుగలే. గాలిని చూపియ్యుమంటది," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ రోజు నుంచీ అది అతనికి పట్టుకుంది. మామూలు ఫోర్‌మన్‌కి భార్యను పిలిపించుకునే వీలు లేదు. సూపర్‌వైజర్ గ్రేడు వస్తే మూడు నెలల విజిట్ వీసా కంపెనీ ఇప్పిస్తుంది. గ్రేడు ఇస్తానని మేనేజర్ మాటిచ్చాడు, ఒకే షరతు మీద. ఆ ఏడు అతని చేతి మీదుగా అప్పగించిన బిల్డింగుల్లో దేనికీ కంప్లయింట్ రాకూడదు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి. రువీలో మా ఆఫీసులో ఒక కంప్యూటర్ ఉండేది, దాని ముందు కూర్చోవడానికి అర్హుణ్ణి నేనొక్కణ్ణే అని నా నమ్మకం. అందులో ఒక ప్రోగ్రాం. బిల్డింగు గోడలు, అద్దాలు, దీపాలు, మనుషులు, లోపలికి వచ్చే బయటి గాలి, అన్నీ అంకెల్లో చెబితే సంవత్సరంలో ప్రతి గంటకీ ఎంత వేడి పుడుతుందో, దాన్ని చల్లార్చడానికి ఎంత కరెంటు కాలుతుందో లెక్కగట్టేది. వీటన్నిట్లో బయటి గాలే గడుసుది. ఎండాకాలం ఒమాన్‌లో బయటి గాలి పొయ్యి మీంచి వచ్చినట్టే ఉంటుంది, దాన్ని లోపలికి తెచ్చి చల్లబరచాలంటే బోలెడు కరెంటు. తేకపోతే మనుషులకు మంచి గాలి ఉండదు. మనిషికి సెకనుకు ఎనిమిది లీటర్లు అని డ్రాయింగుల మీద రాసి ఉండేది, నేను ఆ ఎనిమిదే వేసేవాణ్ణి. ఇవాళ గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ల కోసం నేను చేసే పని కూడా ఇదే, అంకెలు ఎక్కువయ్యాయి అంతే.

సమాయిల్‌లో కుర్రాళ్లకు చేతిపనులు నేర్పే ఒక శిక్షణ కేంద్రానికి మేం ఏసీ పెట్టాం. కాక సరిచేసి అప్పగించాడు. ఏడాది తిరిగాక కన్సల్టెంట్ కరెంటు మీటరు రీడింగులు పంపి, నా లెక్కతో పోల్చి చూపమన్నాడు. అసలు మీటరు నా లెక్క కంటే చాలా తక్కువ తిరిగింది. మేనేజర్ మురిసిపోయాడు, మన డిజైన్ కరెంటు మిగిల్చిందని రాసేయమన్నాడు. కన్సల్టెంట్ ముసలాయన ఒప్పుకోలేదు. ఎందుకు మిగిలిందో చెప్పమన్నాడు. నెల రోజులు దాంతోనే గడిచింది. దీపాలు తగ్గించి చూశాను, మనుషుల్ని తగ్గించి చూశాను, గదుల చల్లదనం మార్చి చూశాను. ఏదీ కలవలేదు. చివరికి ఒక మంగళవారం పొద్దున, విసుగుతో, బయటి గాలిని ఎనిమిది లీటర్ల నుంచి దాదాపు సున్నాకి దింపాను. నా గీత వెళ్లి మీటరు గీత మీద పడుకుంది.

నాకు కలిగిన సంతోషం దాచను. ఇంక ఇదే పంపి, ఆ సున్నాకి ఏదో ఒక కారణం అల్లేద్దాం అనుకున్నాను. సరిగ్గా అప్పుడే కాక ఆఫీసుకి వచ్చాడు. గ్రేడు కాగితం మీద సంతకం చేయడానికి. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె, జేబులో ఈనె.

"ఏంది సారూ, గింత కుషీగున్నవ్?"

"లెక్క కలిసింది కాకా. నెల రోజుల్నుంచీ చంపుకు తింటోంది, ఇప్పుడు కలిసింది. చూడండి, గీత మీద గీత."

కాకకి ఇంగ్లీషు రాదు కానీ గీతలు వచ్చు. పాతదీ కొత్తదీ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టమన్నాడు. పాతదాన్ని వేలితో తడిమాడు. "చలికాలంల రెండు గీతలు కలిసే ఉన్నయ్. ఎండలు ముదిరినంక ఎడమైనయ్. ఇప్పుడు ఏం మార్చితే కలిసింది?"

"ఫ్రెష్ ఎయిర్. సున్నా చేశాను."

"సున్న జేస్తే కలిసిందా?"

"కలిసింది. లెక్క కోసం మార్చాను కాకా, నిజంగా అక్కడ సున్నా అని కాదు."

అతను కొత్త కాగితాన్ని పక్కకి జరిపాడు. "నువ్వు లెక్క కోసం మార్చినవ్ సారూ. మీటరు ఎందుకోసం మారింది?"

అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు తోచనే లేదు, నిజం. కాక గ్రేడు కాగితం మడిచి నా టేబుల్ మీద పెట్టి, "సంతకం అచ్చినంక పెడ్త. బండి తియ్యి, సమాయిల్ పోదాం," అన్నాడు.

కొండల మధ్య రోడ్డు మలుపులు తిరుగుతోంది. బిద్‌బిద్ దాటాక, "సారూ, నాకొక ఆకుపచ్చ గళ్ల లుంగీ ఉండె, యాదికున్నదా?" అన్నాడు.

"ఉంది. ఏం?"

"పోయినేడు ఊరికి పోయినప్పుడు పెట్టెల ఎతికిన. దొరుకలే. రూమ్‌ల పొరగాండ్ల మీద అనుమానపడ్డ. ఒకణ్ణి తిట్టిన గూడ."

అతను ఏం చెబుతున్నాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. మిద్దె ఎక్కాక అర్థమైంది. బయటి గాలిని లోపలికి తీసుకునే పెద్ద రేకు నోరు ఒకటి నీళ్ల ట్యాంకు వెనక మూలన ఉంది. ఏడాది క్రితం అప్పగించే వారంలో ముందున్న రోడ్డు తవ్వుతుంటే దుమ్ము లేచిందట. లోపల కొత్త మెషీన్లు పాడవుతాయని ఆ నోటికి గుడ్డ కట్టాడు. అందరూ ప్లాస్టిక్ షీటు కడతారు, అది ఎండకి చిరిగిపోతుందని కాకకి నచ్చదు, నాలుగు మడతలు వేసిన లుంగీ కట్టడం అతని పద్ధతి. రోడ్డు పని అయ్యాక విప్పాలి. ఈలోపు ఊరికి పోయే టికెట్ చేతికొచ్చింది. గల్ఫ్‌లో టికెట్ వచ్చిందంటే ఇంక కాళ్లు నేల మీద నిలవవు. రెండు నెలలకి తిరిగి వచ్చేసరికి కంపెనీ సూర్‌లో కొత్త సైట్‌కి పంపింది. మనసులోంచి లుంగీ జారిపోయింది.

అది అక్కడే ఉంది. దుమ్ము పట్టి, చలికాలం పడ్డ ఒక వానకి తడిసి, ఎండి, అట్టలా బిగుసుకుపోయి. ఒక అంచున మాత్రం ఆకుపచ్చ గళ్లు కనిపిస్తున్నాయి. కాక ఈనె తీసి దారం దాని ముందు పట్టాడు. దారం నిటారుగా వేలాడింది. ఎంతసేపు పట్టుకున్నా కదల్లేదు.

"విప్పేయండి కాకా," అన్నాను. "విప్పేసి పోదాం. ఫిల్టరు క్లీన్ చేశామని నేను రాస్తాను. ఎవరికీ తెలియదు." ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. అప్పుడు పడలేదు. అప్పుడు నాకు కనిపించింది టేబుల్ మీద మడిచి పెట్టిన కాగితం, చిన్నమ్మ గొంతు.

అతను కూడా వెంటనే కాదనలేదు. ముడి విప్పాడు, లుంగీ ఊడదీశాడు, అది విరిగినట్టు చప్పుడైంది. చంకలో పెట్టుకుని కిందికి దిగాడు. బండి దగ్గరికే వెళ్లేవాళ్లమేమో. మెట్ల కింద నోటీసు బోర్డు ఉంది. దాని మీద అరబ్బీలో ఏదో కాగితం, పక్కన ఒక సూడాన్ మాస్టారు నిలబడి టీ తాగుతున్నాడు. కాకకి ఏ కాగితం కనపడినా అందులో ఏముందో అడిగే అలవాటు. అడిగాడు. మాస్టారు హిందీ ముక్కల్లో చెప్పాడు: పది గంటలు దాటితే కుర్రాళ్లు క్లాసులో తూగుతున్నారు, ఎన్ని చెప్పినా మారడం లేదు, ఇంక తూగినవాళ్ల తండ్రులకు ఉత్తరాలు వెళతాయి, మొదటి జాబితా ఇదే. అందులో ఏడు పేర్లు ఉన్నాయి. మాస్టారు తన కళ్లు కూడా తుడుచుకుంటూ, నాకూ నిద్రే వస్తుంది, మరి నా తండ్రికి ఎవరు రాస్తారో, అన్నాడు.

కాక అక్కడే ఆగిపోయాడు. నేను చొక్కా పట్టుకుని లాగాను కూడా. "నువ్వు చూసినవ్, నేను చూసిన," అన్నాడు నాతో మెల్లగా. "పొరగాండ్లు చూడలే సారూ. తిట్లు తింటున్నరు, ఎందుకో ఆళ్లకు ఎరుకలే. ఆ చిట్టీ ఎవ్వలు ఆపుతరు?"

ముదీర్ గదికి వెళ్లాం. ముదీర్ అంటే ఆ కేంద్రానికి ప్రిన్సిపాల్, తెల్లటి గడ్డం, చీలమండల దాకా తెల్లటి దిష్‌దాషా. కాక లుంగీని అతని శుభ్రమైన టేబుల్ మీద పెట్టాడు. దుమ్ము రాలింది. ఇన్నేళ్లలో పోగేసుకున్న అరబ్బీ అంతా కూడదీసుకుని, "హాదా గలత్ మాల్ అనా. వలద్ మాఫీ గలత్," అన్నాడు. ఈ తప్పు నాది, పిల్లలది తప్పు లేదు అని. మిగతాది నేను ఇంగ్లీషులో చెప్పాను.

ముదీర్ లుంగీని చూశాడు, కాకని చూశాడు. లేచి గ్రిల్లు కింద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. అప్పుడు బయటికి వెళ్లి, నోటీసు బోర్డు మీంచి ఆ కాగితం తనే ఊడదీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాకు కాఫీ, ఖర్జూరాలు తెప్పించాడు. కాఫీ పూర్తయ్యాక మర్యాదగానే చెప్పాడు, ఈ సంగతి మీ కంపెనీకి రాయక తప్పదు, ఏడాది పాటు జరిగింది కదా అని. నేను కాకకి తెలుగులో చెప్పాను. "రాయుమను," అన్నాడు. "రాయకుంటే ఈయనది ఏం నౌకరి." ఇంకో ఖర్జూరం తీసుకున్నాడు. తిరిగి వచ్చే దారిలో మాత్రం కిటికీలోంచి చెయ్యి బయట పెట్టలేదు.

ముదీర్ ఉత్తరం వచ్చింది. మేనేజర్ గ్రేడు కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు. అరవలేదు, కాకని ఇంటికీ పంపలేదు, మాట మాటే అన్నాడు. నేను కన్సల్టెంట్‌కి పంపిన రిపోర్టులో, గాలి దారికి కట్టిన గుడ్డను విప్పడం మరచిపోయాం అని రాసి, కాకకి చదివి తెలుగులో వినిపించాను. "మనమెందుకు మరిచినం? నువ్వు యాడున్నవ్ అప్పుడు? ఫోర్‌మన్ మరిచిండని రాయి," అన్నాడు. అలాగే రాశాను. ఆ తర్వాతి ఏడాది మీటరు గట్టిగా తిరిగింది. ఎనిమిది లీటర్లు వేసిన నా మొదటి గీత, నేను ఏమీ మార్చకుండానే, దాని పక్కకి వచ్చి నిలబడింది. నా వృత్తిలో అంత శుభ్రంగా కలిసిన లెక్క మళ్లీ చూడలేదు.

చిన్నమ్మకి చెప్పడానికి కాక మూడు రోజులు తీసుకున్నాడు. క్యాసెట్ పెట్టుకుని కూర్చోవడం, దగ్గడం, ఆపేయడం. చివరికి ఏం చెప్పారని అడిగితే, "నీ రాకడకు నా లుంగీ అడ్డం పడ్డది అని చెప్పిన. లుంగీ కథ మొత్తం చెప్పిన," అన్నాడు. నెల తర్వాత జవాబు క్యాసెట్ వచ్చింది. ఈసారి నా ఎదురుగానే, ఏ ముక్కా దాటేయకుండా పెట్టాడు. బర్రె ఈనిందని, బోరు మోటారు కాలిపోయిందని, ఊళ్లో సంగతులన్నీ అయ్యాక, ఆఖర్న చిన్నమ్మ అడిగింది: "ఆ పొరగాండ్లు ఇప్పుడు లేశే ఉంటున్నరా?" లుంగీ గురించి అంతే. కాక టేపు రికార్డరు కట్టేసి చాలాసేపు నవ్వాడు. ఆ తర్వాత నాలుగు రోజులకే సమాయిల్‌లో ఒక చిన్న రిపేరు ఉందని బండి తీయించాడు. రిపేరేం లేదు. పదిన్నరకి క్లాసుల కిటికీల పక్క నుంచి నడుచుకుంటూ వెళ్లి లోపలికి తొంగి చూసి వచ్చాడు. "అందరు లేశే ఉన్నరు. ఒక్కడు పండిండు, ఆనిది నిజం నిద్ర," అన్నాడు.

ఆ తర్వాత కాకకి గ్రేడు రావడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లలో నాకు పెళ్లయింది, నా కంప్యూటర్ మారింది, కాక ఈనె విరిగితే కొత్తది కోసుకున్నాడు. అతను కసిగా ఉండటం గానీ, ఆ రోజు మిద్దె మీదే విప్పేసి పోయి ఉంటే అనడం గానీ నేను వినలేదు. నేనే ఒకటి రెండుసార్లు అన్నాను. "నీకు లెక్క తప్పితే నిద్ర వడుతదా సారూ?" అని మాట మార్చేశాడు.

తర్వాత అతను ఊరికి వెళ్లిపోయాడు, నేను హైదరాబాద్‌కి వచ్చాను. ఏడాదికి రెండు మూడు ఫోన్లు. నా దగ్గర పనిచేసే పిల్లలు సర్టిఫికెట్ కోసం చేసిన లెక్క మీటరుతో కలిసిందని ఉత్సాహంగా వస్తే, ఏం మార్చితే కలిసింది అని అడుగుతాను. వాళ్లు చెబుతారు. మరి మీటరు ఎందుకు మారిందో వెళ్లి చూడండి అంటాను. ముసలాయన చాదస్తం అనుకుంటూ వెళతారు, ఒక్కోసారి కళ్లు పెద్దవి చేసుకుని తిరిగి వస్తారు. ఇది నా మాట కాదని వాళ్లకి చెప్పాను. ఎవరిదని అడిగారు. మా కాకది అన్నాను. పెద్ద ఇంజనీరా అన్నారు. అవును అన్నాను.

గ్రేడు వచ్చిన ఏడు చిన్నమ్మ ఒమాన్ వచ్చింది, చలికాలంలో. సీబ్ ఎయిర్‌పోర్టులో దిగింది, చేతిలో చింతకాయ తొక్కు సీసా, నెత్తి మీదుగా నిండా కొంగు. అప్పటిదాకా క్యాసెట్‌లో వినడమే గానీ నేను ఆమెను చూడలేదు. నేను మొదట సముద్రం చూపిద్దామన్నాను. ఆమె కాకని చూసింది. కాక నన్ను చూశాడు. మర్నాడు గురువారం, అక్కడ సెలవు కాబట్టి క్లాసులు లేవు, బండి తీసి సమాయిల్ వెళ్లాం. ముదీర్ స్వయంగా తాళం తీసి, మా కోసం ఏసీ వేయించి, తన గదిలో కాఫీ పెట్టిస్తానని వెళ్లాడు.

ఖాళీ క్లాసు. బెంచీలు, నల్లబల్ల. కాక మధ్య గ్రిల్లు కిందికి నడిచి, "ఈడ నిలవడు," అన్నాడు. చిన్నమ్మ వెళ్లి నిలబడింది. తల ఎత్తి గ్రిల్లు చూసింది, గోడలు చూసింది, అతన్ని చూసింది. కాక జేబులోంచి ఈనె తీశాడు, దారం చూపిద్దామని. ఆమె దారాన్ని చూడలేదు.

"ఏది?" అంది.

"ఇదే."

"కనవడుతలేదు గదా."

"కనవడది. తాకుతది. జర ఆగు."

ఆమె ఆగింది. నెత్తి మీది కొంగు మెల్లగా వెనక్కి జారింది. ఆమె పట్టుకోబోయి వదిలేసింది.

"దీనికా నేను మూడేండ్లు ఆగింది," అంది. మొహం నిండా నవ్వింది. కాక ఈనెను జేబులో పెట్టుకుని, కిందికి చూస్తూ, "చూసినవ్ గదా, ఇగ నడువు. ముదీర్ సాబ్ కాఫీ పెట్టిచ్చిండు, సల్లారుతది," అన్నాడు.

"సల్లారనీ. నన్ను జరసేపు ఉండనీ," అంది చిన్నమ్మ. కళ్లు మూసుకుని అక్కడే నిలబడింది. ఆమె చీర కొంగు అంచు ఒకటి నేలకి ఆనకుండా, బయటి నుంచి వస్తున్న గాలికి, లేస్తూ ఉంది.